మస్టాంగ్ వెనక చక్రాలు, చపాతీ పిండి

"ఫిట్ అయిపోతాయి సార్" అన్న ఒక్క మాట నమ్మి మా బామ్మర్ది ఒక కొత్త టైరు పోగొట్టుకున్నాడు. వాడిది 1967 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ కూపే. ఇంజను 289 క్యూబిక్ అంగుళాల వీ8 (ఎనిమిది సిలిండర్లది), మన లెక్కలో 4.7 లీటర్లు. దాని వెనక చక్రాలు సన్నగా, లుంగీ పైకి కట్టినవాడి పిక్కల్లా కనిపిస్తున్నాయని వాడి బాధ. ఎవరి దగ్గరో 15 అంగుళాల సెకండ్‌హ్యాండ్ రిమ్ములు దొరికాయి, వెడల్పు 8 అంగుళాలు. టైర్లు వేయించి, వెనక సీట్లో ముగ్గురు స్నేహితుల్ని ఎక్కించుకుని బెంగళూరు బళ్ళారి రోడ్డులో దేవనహళ్ళి వైపు బయల్దేరాడు. హెబ్బాళ దాటాక ఒక హంప్ మీద "చర్‌ర్" మని శబ్దం, ఆ వెంటనే రబ్బరు కాలిన వాసన. దిగి చూస్తే కుడి వెనక టైరు భుజం మీద ఫెండర్ (చక్రం పైనుండే బాడీ రేకు) అంచు గీరిన చోట సొరకాయ చెక్కు తీసినట్టు ఒక పొడుగు పట్టీ ఊడి వేలాడుతోంది.

అక్కడి నుంచే ఫోను. "బావా, నీ కొలతల సామాను తీసుకుని ఓసారి రాకూడదా?"

నేను కార్ల మెకానిక్‌ని కాను. మాది హిందూపురం. బెంగళూరు వచ్చి టూల్‌రూమ్‌లో ఫిట్టరుగా 26 ఏళ్ళు పనిచేశాను. కొనకముందు కొలవాలన్నది నాకు అలవాటు కాదు, జబ్బు. కింద రాసిందంతా ఆ కారు మీద చేసి చూసినదే. మీ పాత అమెరికన్ బండి కమారో కావచ్చు, ఛాలెంజర్ కావచ్చు. అంకెలు మారతాయి కానీ కొలిచే పద్ధతి ఇదే. (ఇలా పెద్ద ఇంజను పెట్టిన అమెరికన్ బండ్లను మజిల్ కార్లంటారు. మస్టాంగ్ మజిల్ కారు కాదు, దానికన్నా చిన్నదైన పోనీ కారు అనేవాళ్ళున్నారు. పోనీ, అలాగే అననీండి.)

వెనక చక్రాలే ఎందుకు వెడల్పు కావాలన్నది ముందు చెప్పుకుందాం. 1964లో పాంటియాక్ వాళ్ళు జీటీఓ పేరుతో మధ్యరకం కారులో 389 క్యూబిక్ అంగుళాల పెద్ద ఇంజను పెట్టారు. ఆ దారిలోనే మిగతా కంపెనీలూ నడిచాయి. ఇంజను బలమంతా వెనక చక్రాలకే వెళ్తుంది. గట్టిగా తొక్కితే బండి బరువు కూడా వెనక్కే వాలుతుంది. ఆనాటి సన్న టైర్లకు ఆ బలం పట్టేంత పట్టు లేక పొగ తప్ప పరుగు వచ్చేది కాదు. అందుకే వెనక వెడల్పు. ఇప్పుడు బెంగళూరు ట్రాఫిక్‌కు పేరుపడ్డ సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో ఆ బలం ఎవడికి పనికొస్తుందని అడగకండి. మా వాడికి ముప్పాతిక వంతు అందం కోసమే. దానికి నా అభ్యంతరమేమీ లేదు. అందం కోసం చేసినా కొలత కొలతే.

మొదట కిందకు దూరి చూడండి. మస్టాంగ్ వెనక యాక్సిల్ (ఇరుసు) లీఫ్ స్ప్రింగుల మీద కూర్చుంటుంది, మన లారీలకున్నట్టు కమాను కట్టలే. వాటి కొసల్లో ఉండే రబ్బరు బుష్‌లు అరిగిపోయి ఉంటే యాక్సిల్ పక్కలకు జరుగుతుంది. అప్పుడు మీరు ఎంత జాగ్రత్తగా కొలిచినా ఆ అంకె మలుపు తిరిగేసరికి మారిపోతుంది. వీడి కారుకు కమాను కట్ట వెనక కొసను బండికి కలిపే షాకిల్ బుష్‌లు ఎండి పగిలిపోయి ఉన్నాయి. అవి మార్చేదాకా నేను స్కేలు బయటికి తీయలేదు. వాడికి విసుగొచ్చింది. రానీ.

బుష్‌లు మార్చాక బండి సమతలంగా ఉన్న నేల మీద ఉండాలి. రసమట్టం పెట్టి చూడండి. ముందు చక్రాలకు అటూ ఇటూ చెక్కలు వేసి, వెనక జాకీ ఎత్తి, స్టాండ్లు యాక్సిల్ గొట్టం కిందే పెట్టాలి. ఛాసిస్ కింద పెడితే యాక్సిల్ కిందికి వేలాడిపోతుంది, బండి రోడ్డు మీద నిలబడే భంగిమ పోతుంది, కొలిచినదంతా దండగ. యాక్సిల్ మీద బరువు ఉండగానే కొలవాలి.

చక్రాలు విప్పితే బ్రేకు డ్రమ్ కనిపిస్తుంది. ఇక్కడ ఒక చిన్న విషయం. ఫ్యాక్టరీలో డ్రమ్ ఊడిపోకుండా స్టడ్ల (చక్రం బిగించే బోల్టుల) మీద పల్చటి రేకు క్లిప్పులు తొడిగేవాళ్ళు. పాత బండ్లలో ఒకటో రెండో ఇంకా ఉంటాయి. వాటిని అలాగే వదిలేస్తే కొత్త రిమ్ము డ్రమ్ ముఖానికి పూర్తిగా ఆనదు. లాగి పారేయండి. డ్రమ్ ముఖం మీది తుప్పు, పెయింటు పెచ్చులు కూడా వైర్ బ్రష్‌తో తీసేయండి. ఆ ముఖమే మన కొలతలన్నిటికీ మూలం. రిమ్ము వచ్చి ఆనేది దానికే.

లోపలి వైపు కొలవడానికి నేను వాడింది ఒక చదునైన అల్యూమినియం పట్టీ, ఒక మూలమట్టం, ఒక స్టీల్ స్కేలు. పట్టీని డ్రమ్ ముఖానికి ఆనించి, అది టైరు పొడవున్నంత మేర పైకి, పక్కకి చాచి, అక్కడి నుంచి లోపల అడ్డొచ్చే వస్తువు దాకా దూరం చూడాలి. ముందుగా అడ్డొచ్చేది కమాను కట్టే. కానీ అక్కడితో ఆగొద్దు. పైన చక్రపు గూడు లోపలి గోడ, ముందువైపు ఛాసిస్ రైలు, సైలెన్సర్ గొట్టం, బ్రేకు గొట్టం, అన్నిటి దగ్గరా చూసి అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకె రాసుకోవాలి. వీడి కారుకు రెండు వైపులా 142 మిల్లీమీటర్లు వచ్చింది.

బయటి వైపుకు మేస్త్రీలు వాడే తూకపు గుండు చాలు. ఫెండర్ మడత లోపలి అంచు నుంచి దారం వదిలి, ఊగడం ఆగాక, డ్రమ్ ముఖం నుంచి దారం దాకా కొలవాలి. ఎడమవైపు 142 వచ్చింది. కుడివైపు 136. నేను తప్పు కొలిచాననుకుని మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ 136. "బావా, యాక్సిల్ వంకరా?" అన్నాడు మా వాడు, మొహం మాడ్చుకుని. కాదు. యాక్సిల్ వంకరైతే కమాను దగ్గరా తేడా రావాలి కదా. అక్కడ రెండువైపులా సమానమే. తేడా బాడీలో ఉంది. ఆనాటి బాడీల్లో అటూ ఇటూ అయిదారు మిల్లీమీటర్ల తేడా మామూలే. అందుకే ఒక వైపు కొలిచి రెండో వైపుకు అదే రాసేయకూడదు. చిన్న అంకె ఎటుంటే అదే మీ కారు కొలత.

ఇప్పుడు రిమ్ము సంగతి. వెడల్పు చూసి కొంటారు అందరూ. అసలు చూడాల్సింది బ్యాక్‌స్పేసింగ్. రిమ్మును బోర్లా పడుకోబెట్టి, వెనక అంచు మీద అడ్డంగా పట్టీ వేసి, డ్రమ్‌కు ఆనే ముఖం దాకా లోతు కొలిస్తే వచ్చేది అదే. చక్రంలో ఎంత భాగం లోపలికి వెళ్తుందో అది చెబుతుంది. ఇంకో తిరకాసు. ఎనిమిది అంగుళాల రిమ్ము అంటే టైరు కూర్చునే చోట ఎనిమిది. అంచుల మందం కలిపితే బయటి నుంచి బయటికి సుమారు తొమ్మిది. దాని నడిమి నాలుగున్నర. కాబట్టి 4.5 అంగుళాల బ్యాక్‌స్పేసింగ్ ఉన్న రిమ్ము సరిగ్గా సగం లోపల, సగం బయట. ఆఫ్‌సెట్ సున్నా అంటారు దాన్నే.

మా వాడు కొన్న రిమ్ములు పడుకోబెట్టి కొలిస్తే 3.75 వచ్చింది. ముప్పావు అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లు, టైరు మొత్తం బయటికి తోసుకొచ్చిందన్నమాట. అమ్మినవాడు మోసం చేశాడని నేను అనను. అవి వేరే ఏదో బండికి సరిపోయేవే.

టైరు లెక్క కూడా ఇక్కడే చేసుకోవాలి. 245/60 ఆర్15 అన్నప్పుడు 245 అనేది నేల మీద ఆనే వెడల్పు కాదు, పక్కల ఉబ్బు దగ్గర వెడల్పు. అదీ ఏడు అంగుళాల రిమ్ము మీద వేసి కొలిచిన లెక్క. రిమ్ము అరంగుళం పెరిగితే టైరు సుమారు అయిదు మిల్లీమీటర్లు ఉబ్బుతుంది. ఎనిమిది రిమ్ము మీద కాబట్టి 255 అనుకోవాలి. అందులో సగం 127.5. ఆఫ్‌సెట్ సున్నా రిమ్ము అయితే లోపల 142లో 127.5 పోగా 14.5 మిల్లీమీటర్ల సందు. బయట ఎడమవైపు 14.5, కుడివైపు 8.5. పాత రిమ్ములతో లెక్కేస్తే బయటికి 146.5 వస్తుంది. ఎడమ 4.5, కుడి 10.5 మిల్లీమీటర్లు ఫెండర్ అంచు దాటి బయట ఉంది టైరు. కుడి టైరే ఎందుకు తెగిందో వాడికి అప్పుడు అర్థమైంది. కాగితం మీద చూపించేదాకా "వెనక ముగ్గురూ లావుగా ఉన్నార్లే" అంటూనే ఉన్నాడు.

మరి ఇంకొంచెం లోపలికి, 4.75 తీసుకుంటే? కమాను దగ్గర సందు ఎనిమిదికి పడిపోతుంది. మలుపులో టైరు పక్కకు వంగుతుంది, యాక్సిల్ కాస్త జరుగుతుంది. లోపల పది పన్నెండు మిల్లీమీటర్లు లేకుండా నాకు నిద్రపట్టదు. బయటి వైపు సందు తక్కువైతే ఫెండర్ అంచు మడిచి సంపాదించుకోవచ్చు. కమాను కట్టను ఎవడు మడుస్తాడు?

ఈ దశలో మీకు ఇద్దరు సలహాదారులు తగులుతారు. మొదటివాడు ఇన్నోవా రిమ్ములు వేసేయమంటాడు. మస్టాంగ్‌కు అయిదు బోల్టులు, వాటి వృత్తం నాలుగున్నర అంగుళాలు, అంటే 114.3 మిల్లీమీటర్లు. ఇన్నోవాదీ అదే. అంతవరకూ నిజం. కానీ ఇన్నోవా రిమ్ము నడుమ బొక్క చిన్నది, మస్టాంగ్ హబ్ (చక్రం నడుమ దూరే గుండ్రటి భాగం) అందులో పట్టదు. పైగా ఆ రిమ్ము లోపలికి కూర్చునే రకం. రెండోవాడు స్పేసర్లు, అంటే రిమ్ముకూ డ్రమ్‌కూ మధ్య పెట్టే బిళ్ళలు, వేయమంటాడు. స్టడ్ మీద ఊరికే తొడిగే బిళ్ళ అయితే వద్దే వద్దు. బిళ్ళ మందమెంతో స్టడ్ మీద నట్టుకు అంత మర తగ్గుతుంది. బెంగళూరులో బండ్ల సామాన్లు అమ్మే జేసీ రోడ్డులో ఒక కుర్రాడు నాకు స్పేసర్ చేతిలో పెట్టి "అంకల్, అందరూ ఇదే వేస్తారు" అన్నాడు. అందరూ వేసుకోనీ, బాబూ.

టైరు ఎత్తు కూడా ఒకసారి చూసుకోండి. 245లో 60 శాతం 147. పైనా కిందా కలిపి 294. రిమ్ము 15 అంగుళాలు, అంటే 381. మొత్తం 675 మిల్లీమీటర్లు. అంతకుముందున్న 195/75 ఆర్14 ఎత్తు 648. నాలుగు శాతం ఎక్కువ. స్పీడోమీటర్ అరవై మైళ్ళు చూపిస్తుంటే బండి నిజంగా అరవై రెండున్నరలో వెళ్తుంటుంది. దుకాణంలో 235/75 ఆర్15 చూపించి "ఇది తేలిగ్గా దొరుకుతుంది" అంటారు. అది జీపు సైజు, ఎత్తు 733 దాటుతుంది. గూటిలో పట్టదు, పట్టినా కారు గాడిదలా కనిపిస్తుంది. మనకు కావలసిన సైజు చాలామటుకు దిగుమతి సరుకే కాబట్టి గోడౌన్‌లో ఎన్నాళ్ళుందో చూసుకోవాలి. టైరు పక్కన డీఓటీ (DOT) అని మొదలయ్యే వరసలో చివరి నాలుగంకెలు చదవండి. 3222 అంటే 2022లో 32వ వారం తయారీ. అయిదారేళ్ళు మూలన ఉన్న టైరు మెరుస్తున్నా నేనైతే తీసుకోను.

ఇక కుడి ఫెండర్. సందు 8.5 చాలదు కాబట్టి అంచు మడవాల్సి వచ్చింది. కోసేద్దాం అన్నాడు టింకరింగ్ మేస్త్రి, గ్రైండర్ చేతిలోనే ఉంది. ఆ అంచులో బయటి రేకు, లోపలి గూడు రేకు కలిపి స్పాట్ వెల్డింగ్ చేసి ఉంటాయి. కోస్తే ఆ అతుకులు పోయి, వానాకాలానికి నీళ్ళు దూరి, రెండేళ్ళలో లోపలి నుంచి తుప్పు. ఇంకో కారణమూ ఉంది. 50 ఏళ్ళు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్, వీఏ అక్షరాల నంబరు ఇచ్చేలా 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు చేయని బండ్లకే అది. రేపు ఆ నంబరు కావాలనుకుంటే కోసిన బాడీ అడ్డం పడుతుంది. వెడల్పు చక్రం నచ్చకపోతే విప్పేసి పాతది బిగించుకోవచ్చు. కోసిన రేకు తిరిగి రాదు. అసలు రోడ్డు మీద తిరిగే బండికి టైరు బాడీ దాటి బయటికి రావడమే తప్పు. మార్పులు చేసే ముందు మీ ఆర్టీఓ దగ్గర కనుక్కోండి.

మడవడానికి హబ్‌కు బిగించి తిప్పే రోలర్ పరికరం ఉంటుంది, అద్దెకు దొరికితే అదే మేలు. మాకు దొరకలేదు. మా ఇంటి రోకలి పనికొచ్చింది. హీట్ గన్‌తో అంచును చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడి చేసి, టైరుకూ అంచుకూ మధ్య గుడ్డ చుట్టిన రోకలి దూర్చి, బండిని అంగుళం అంగుళం ముందుకూ వెనక్కూ తోశాం. ఒక్కసారే మడిచేయాలని చూడకూడదు. నాలుగైదు విడతల్లో, ప్రతిసారీ మళ్ళీ వేడి చేసి. పాత బండ్లలో అంచుల దగ్గర లప్పం దట్టంగా పూసి ఉంటుంది. వేడి చేయకుండా వంచితే అప్పడంలా పెటిల్లుతుంది. వేడి చేసినా ఒకచోట మాకు వెంట్రుకవాసి చీలిక వచ్చింది. టచప్ చేయించాం. చివరికి కుడి సందు 16 అయింది. రోకలికి ఏమైందని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

4.5 బ్యాక్‌స్పేసింగ్ రిమ్ములు వచ్చాక, టైర్లు వేసి, బ్యాలెన్సింగ్ బరువులు లోపలివైపు అంటించేవి పెట్టించాం. బిగించేటప్పుడు నట్ల విషయంలో ఆశ పడొద్దు. మస్టాంగ్ స్టడ్ అరంగుళం, అంగుళానికి 20 మరలు. మన కార్ల మిల్లీమీటర్ నట్లు దానికి రావు. గాలి గన్‌తో బలవంతం చేస్తే మర తినేస్తుంది. మొదటి మూడు చుట్లూ వేళ్ళతోనే తిప్పండి. నట్టు కనీసం పది చుట్లు పట్టాలి, అంటే అరంగుళం మర. నట్టు ముక్కు రిమ్ము గుంటకు సరిపోవాలి. కొన్ని పాత తరహా రిమ్ములకు కోను నట్టు కాదు, వాషరుతో పొడుగు మెడ నట్టు కావాలి. రిమ్ముతో పాటే అడిగి తీసుకోండి. నక్షత్రం గీసే క్రమంలో, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచితో 135 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపాను.

ఇప్పుడు చపాతీ పిండి. రాగి సంగటి ముద్ద కూడా పెట్టి చూశాం, అది చేతికే అంటుకుంది. చపాతీ పిండిని గట్టిగా కలిపి, వేలెడు ముద్దలు ఫెండర్ అంచు లోపల నాలుగుచోట్ల, కమాను కట్ట మీద రెండుచోట్ల అంటించాం. వెనక సీట్లో మళ్ళీ ఆ ముగ్గురినే కూర్చోబెట్టాం, డిక్కీలో రెండు సిమెంటు బస్తాలు. కె.ఆర్.పురం వెనక సందుల్లో హంప్‌లకేం కొరత? ఒక్కో హంప్ మీద నిదానంగా, తర్వాత కాస్త వేగంగా, తర్వాత ఒక చక్రం మాత్రమే ఎక్కేలా ఏటవాలుగా. స్టీరింగ్ అటు చివరికీ ఇటు చివరికీ తిప్పి మలుపులు కొట్టాం. వచ్చి చూస్తే కమాను మీది ముద్దలు చెక్కుచెదరలేదు. ఎడమ అంచు మీదివీ అలాగే ఉన్నాయి. కుడివైపు వెనక మూలన ఉన్న ముద్ద కొసన మాత్రం టైరు గీతలు అచ్చు పడ్డాయి. అచ్చు కింద మిగిలిన పిండి మందం కొలిస్తే అయిదు మిల్లీమీటర్లు వచ్చింది, అక్కడ మిగిలిన సందు అంతే. ఆ మూల ఇంకోసారి వేడి చేసి రోకలి పెట్టాం.

గాలి 28 పీఎస్‌ఐతో మొదలుపెట్టి, టైరు మీద అడ్డంగా సుద్దగీత గీసి, నాలుగు వందల మీటర్లు తిన్నగా నడిపి చూశాం. నడుమ సుద్ద చెరిగి పక్కల మిగిలితే గాలి ఎక్కువ, పక్కల చెరిగి నడుమ మిగిలితే తక్కువ. మాది నడుమ ముందు చెరిగింది, రెండు పౌండ్లు తగ్గించాం. ముందు చక్రాలకు 215/60 ఆర్15 సరిపోయింది. వెనక పట్టు ఎక్కువయ్యాక మలుపులో ముందుభాగం తిన్నగా జారాలని చూస్తుంది. అది మొదటి రోజే వాడికి గట్టిగా చెప్పాను. వానలో వెడల్పు టైరు నీళ్ళ మీద త్వరగా తేలుతుంది కూడా.

ఎనభై కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్ళీ టార్క్ చూడాలి. మా వాడు సరిగ్గా డెబ్బై తొమ్మిదికే ఫోన్ చేశాడు. రెంచి పెడితే రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి.